మూడు గజాలు తక్కువ

ఆ రోజు పొద్దున క్లియోఫస్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. లేవడం, చికోరీ కాఫీ ఓ పెద్ద కప్పుడు తాగడం, కాలేజీ గ్రౌండుకెళ్ళి గీతలు వెయ్యడం, అందులో ఒక గీతని మూడు గజాలు ముందుకి జరపడం, ఆ తర్వాత కంచె పక్కన నిలబడి ఏమీ ఎరగనట్టు మొహం పెట్టడం. ఇందులో కాస్త కష్టమైంది చివరిదే. మిగతావన్నీ అలవాటైన పనులే.

సెయింట్ ఓడిల్ కాలేజీలో అమెరికా ఫుట్‌బాల్, అంటే బంతిని చేత్తో విసిరి చేత్తో పట్టే ఆట, మైదానానికి రంగు గీతలు వేసేది అతనే. లూసియానా దక్షిణాన ఉన్న ఆ చిన్న ఊళ్ళో క్లియో అంటే ఇద్దరు మనుషులు గుర్తొస్తారు: గీతలు వేసే క్లియో, పాస్టర్ గారి మైకులో కప్ప అరుపు వచ్చేట్టు చేసిన క్లియో. ఇద్దరూ ఒకడే అని ఊరికి తెలుసు గానీ నిరూపించినవాడు లేడు.

ఆ రోజు స్కౌట్లు వస్తున్నారు. పెద్ద పెద్ద జట్ల తరఫున ఊరూరా తిరిగి, కాలేజీ కుర్రాళ్ళని సంతలో గిత్తల్ని చూసినట్టు చుట్టూ తిరిగి చూసి, జట్లన్నీ రౌండు తర్వాత రౌండుగా కుర్రాళ్ళని పంచుకునే ఏప్రిల్ నెలాఖరు డ్రాఫ్టులో ఎవర్ని ఎంచుకోవాలో పైవాళ్ళకి చెప్పే బాపతు వాళ్ళు. మామూలుగా సెయింట్ ఓడిల్‌కి ఒకడో ఇద్దరో వచ్చేవాళ్ళు, అదీ ఇక్కడి బౌడిన్ సాసేజీ బాగుంటుందని. ఈసారి రెండు వ్యాన్ల నిండా దిగారు. అందరూ క్లియో మేనల్లుడు మార్టెల్ కోసమే.

మార్టెల్ రిసీవర్. ముందుకి పరిగెత్తి, వెనకనుంచి విసిరిన బంతిని అందుకోవడం అతని పని. చేతులు బంగారం. గాల్లో ఎగిరే పిచ్చుకనైనా ఈక చెదరకుండా పట్టేస్తాడు. చిక్కల్లా కాళ్ళ దగ్గరే. ఆ కాళ్ళ గురించి రాష్ట్రమంతా తప్పు తెలుసుకుంది. దానికి కారణం మామయ్య.

నిరుడు ఆగస్టులో, మార్టెల్ తల్లి, అంటే క్లియో అక్క ఎర్లీన్ పెరట్లో మాంసం కాలుస్తుంటే, క్లియో సరదాకి మేనల్లుణ్ణి, స్కౌట్లు వేగం కొలిచినట్టే, నలభై గజాలు పరిగెత్తించాడు. ఒక చేతిలో పక్కటెముక, ఇంకో చేతిలో ఫోను. జిడ్డు బొటనవేలు జారి, కుర్రాడు కాస్త దూరం వెళ్ళిపోయాక గానీ ఫోనులో లెక్క మొదలవలేదు. నాలుగు పాయింట్ మూడు సెకన్లు వచ్చింది.

"మావా, తప్పు నొక్కావు," అన్నాడు మార్టెల్ రొప్పుతూ. "నాకు నాలుగున్నర సెకన్ల పైనే పడుతుంది. నాకు తెలీదా?"

అక్కడితో వదిలేస్తే గొడవ లేదు. కానీ మర్నాడు పొద్దున్నే క్లియో ఊరి రేడియోలో ఆటల కార్యక్రమానికి ఫోన్ చేసి, గొంతు లావు చేసి, టెక్సస్ వాడిలా సాగదీస్తూ, "నేనో పెద్ద జట్టు స్కౌటుని, పేరు చెప్పకూడదు. మీ మార్టెల్‌ది నాలుగు పాయింట్ మూడు, నా కళ్ళతో చూశాను," అని పెట్టేశాడు. పెట్టేసి పొట్ట పట్టుకుని నవ్వుకున్నాడు. రేడియోవాడు నవ్వలేదు. రోజూ చెప్పాడు. పక్క ఊళ్ళ రేడియోలు పట్టుకున్నాయి. పేపర్లో వేశారు. నాలుగు పాయింట్ మూడుకీ నాలుగు పాయింట్ ఆరుకీ మధ్య ఉన్న టైములో మనిషి సరిగ్గా తుమ్మను కూడా లేడు. కానీ రిసీవర్ల లోకంలో ముందుది పరిగెత్తినవాడికి లక్షల జీతం, రెండోది పరిగెత్తినవాడికి ఎక్కడైనా గుమస్తా ఉద్యోగం.

పోయిన వారం ఎర్లీన్ వంటింట్లో కూర్చుని మార్టెల్ మెల్లిగా అన్నాడు, "స్కౌట్ల ముందు నేను పరిగెట్టిన రోజుతో నా పని సరి, మావా. ఇంక నీ పక్కన గీతలు వేసుకుంటా."

"దాంట్లో తప్పేముందిరా?"

"తప్పేం లేదు. నీకంటే తిన్నగా వేస్తాను."

క్లియో నవ్వాడు. కుర్రాడు నవ్వలేదు. పళ్ళెంలో అన్నం అలాగే ఉంది. మార్టెల్ తిండి వదిలెయ్యడం క్లియో పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు. ఛాతీలో ఏదో అడ్డంపడ్డట్టయింది. అది సిగ్గు అని పోల్చుకోవడానికి అతనికి రెండ్రోజులు పట్టింది, పాత పరిచయం లేదు మరి. పోల్చుకున్నాక ఏం చెయ్యాలో తెలీక, తనకి వచ్చిన ఒకే ఒక్క పని చేశాడు. ఇంకో చిలిపి పని.

అందుకే ఆ పొద్దున పరుగు మొదలయ్యే గీత మూడు గజాలు ముందుకి జరిగింది. పాత గీతలు వానకి కొట్టుకుపోయి గ్రౌండంతా పచ్చగా ఉంది కాబట్టి పోల్చి చూసుకునే దిక్కు లేదు.

కోచ్ గిడ్రీ చేతిలో కాఫీతో వచ్చాడు. "ఏవయ్యా క్లియో, కొలిచే వేశావా?"

"నా పెళ్ళినాటి ప్రమాణమంత కచ్చితం, కోచ్ గారూ."

"నీ పెళ్ళాం వదిలేసి వెళ్ళిపోయింది కదయ్యా."

"అది ఆవిడ తప్పు. ప్రమాణం గట్టిదే."

కోచ్ ఆ మాట పట్టించుకోకుండా స్కౌట్లకి చెయ్యి ఊపాడు. నిజానికి టేపు పెట్టి కొలుచుకోవాల్సింది వాళ్ళే. కానీ మబ్బు పట్టి ఉంది, తొందరగా కానిచ్చెయ్యాలని ఉంది, పైగా ఇంతమందిలో ఎవడో ఒకడు కొలిచే ఉంటాడని ప్రతివాడూ అనుకున్నాడు.

"మనవాడు ముందు పరిగెడతాడా, చివరా?" అడిగాడు క్లియో, చేతులు తుడుచుకుంటూ.

"ఎవడు? మార్టెలా? వాడు పరిగెత్తడు," అన్నాడు కోచ్.

"అదేంటండీ?"

"తొడ కండరం పట్టేసిందని చెప్పేశాం. అందరి బుర్రలోనూ నాలుగు పాయింట్ మూడు ఉంది కదా. మనం నోరు మూసుకుంటే అదలాగే ఉంటుంది. పరిగెత్తి చెడగొట్టుకోవడం దేనికి? ఆ చివర నిలబడి బంతులు పట్టుకుంటాడు, అంతే." కోచ్ గొంతు తగ్గించాడు. "తెలివంటే ఇదయ్యా."

స్కౌట్లు అప్పటికే పరుగు దారి రెండు చివర్లా వాచీలు పట్టుకుని నిలబడ్డారు. గీత చెరుపుదామన్నా రంగు ఆరిపోయింది.

మొదట బంతి తన్నేవాడు పరిగెత్తాడు. గడ్డివాములాంటి నిమ్మళమైన కుర్రాడు, జన్మలో ఎప్పుడూ దేనికీ తొందరపడలేదు. వాడు చివరి గీత దాటగానే స్కౌట్లు వాచీలు చూసుకుని, పక్కవాడి వాచీ చూసి, వాచీని చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు. రెండోవాడికీ అంతే. మూడోవాడికి ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడు వచ్చాడు బుడ్రో. ముందు వరసలో అడ్డంగా నిలబడి ఎదుటివాళ్ళని తోసే మనిషి. నూట నలభై కిలోల పైమాట. అతను పరిగెడుతుంటే గ్రౌండు చివర వాటర్ డబ్బాలో నీళ్ళు కదిలాయి. గీత దాటాక ఆగడానికే ఇంకో ఇరవై గజాలు పట్టింది.

ఐదు సెకన్లలోపు వచ్చింది.

ఆ తర్వాత స్కౌట్లంతా బుడ్రో మీద పడ్డారు. పిక్కలు నొక్కి చూశారు. అమ్మ ఎత్తెంత, నాన్న ఎత్తెంత అని అడిగారు. ఉత్తరాది జట్టు తరఫున వచ్చిన కెల్లర్ అనే కుర్ర స్కౌటు, బబుల్‌గమ్ నమిలే దవడ ఆపి, పక్కకెళ్ళి ఫోనులో గుసగుసలాడాడు.

అవతలి చివర మార్టెల్ బంతులు పడుతున్నాడు. వెనక్కి ఎగిరి ఒంటిచేత్తో ఒకటి, కాలివేళ్ళ దగ్గర ఒకటి, భుజం మీదుగా వెనక్కి చూడకుండా ఇంకోటి. అతన్ని చూస్తున్నవాళ్ళు ఇద్దరు. గొడుగు పట్టుకుని బెంచీ మీద కూర్చున్న ఎర్లీన్ ఒకరు. మడతకుర్చీలో కూర్చుని బౌడిన్ తింటున్న విన్‌ఫీల్డ్ అనే ముసలి స్కౌటు రెండోవాడు. ఆయనైనా చూస్తున్నాడో కునుకు తీస్తున్నాడో టోపీ నీడలో తెలీడం లేదు.

క్లియోకి తను చేసిన పని తెలిసొచ్చింది. మేనల్లుడి కోసం వచ్చిన రెండు వ్యాన్ల జనాన్ని తన చేత్తో తీసుకెళ్ళి బుడ్రో పిక్కల మీద పెట్టాడు. ఎలాగైనా వెనక్కి మళ్ళించాలి. కాస్త నిజం, కాస్త అబద్ధం కలిపి చూద్దామని గుంపులోకి దూరాడు.

"మా ఊళ్ళో పొద్దున గాలి ఎక్కువ సార్," అన్నాడు దగ్గుతూ. "వెనకనుంచి తోసిందేమో."

ఒక స్కౌటు వేలు తడుపుకుని గాల్లో పెట్టాడు. గాలి ఎదురుగా కొడుతోంది. "ఎదురుగాలికా ఇలా పరిగెత్తాడు?" అన్నాడాయన భక్తిగా. అందరూ కాగితాల మీద ఇంకేదో రాసుకున్నారు.

క్లియో ఇంకో మెట్టు ఎక్కాడు. "కాదు సార్, ఇక్కడి తేమకి వాచీలు చెడతాయి. నా వాచీ ఎప్పుడో పోయింది."

"అయితే ఇంకోసారి పరిగెత్తించి చూద్దాం," అన్నాడు కెల్లర్.

బుడ్రో ఇంకోసారి పరిగెత్తాడు. ఈసారి ఒళ్ళు వేడెక్కి ఉంది. ఇంకా తొందరగా వచ్చాడు.

"ఏంటి బాబాయ్ ఇది?" అన్నాడు బుడ్రో క్లియో దగ్గరకొచ్చి, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని. "నాలో ఇంత ఉందని నాకే తెలీదు. మా నాన్నకి ఫోన్ చేశాను. ఏడుస్తున్నాడు."

క్లియోకి ఆ మాట కత్తిపీట మీద కూర్చున్నట్టు తగిలింది. కెల్లర్ అప్పటికే సంచీ భుజాన వేసుకుని, "నాకు విమానం టైమైంది," అంటూ ఎవరి కారో ఎక్కి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళలో ఒకాయన వంగి ఇంత గడ్డి పీకి జేబులో వేసుకున్నాడు, ఈ నేలలో ఏదో ఉందని. అవతలి చివర మార్టెల్ పట్టిన బంతిని కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఎవరూ లేని ఆ పచ్చిక వంక చూస్తున్నాడు.

"సార్," అన్నాడు క్లియో. గొంతు లావు చెయ్యలేదు, సన్నం చెయ్యలేదు. "మూడు గజాలు తక్కువుంది."

"ఏది తక్కువుంది?"

"నేల. గీత నేనే జరిపాను."

నవ్వుతాడేమో అని అందరూ ఎదురు చూశారు. నవ్వలేదు. టేపు తెచ్చారు, పరిచారు, చూశారు, చుట్టారు. కోచ్ గిడ్రీ మొహం ఉడకబెట్టిన రొయ్యలా అయింది. బుడ్రో నేలమీద చతికిలబడి ఫోను వైపు చూసుకున్నాడు. నాన్నకి మళ్ళీ ఎలా చెప్పాలా అని. ఆ చూపు క్లియో తట్టుకోలేకపోయాడు.

"ఎవరి కోసం జరిపావ్?" అడిగాడు గడ్డి జేబులో వేసుకున్నాయన, గడ్డి తీసి పారేస్తూ.

జవాబు చెప్పక్కర్లేకపోయింది. అందరి తలలూ ఒకేసారి మార్టెల్ వైపు తిరిగాయి. పొద్దుట్నుంచీ వాళ్ళు అటు చూడాలని క్లియో కోరుకున్నాడు. ఇప్పుడు చూశారు, దొంగని చూసినట్టు.

ఎర్లీన్ గొడుగు మూసి, బెంచీ దిగి వచ్చింది. "ఒరేయ్ క్లియో."

"అక్కా."

"రేడియోలో ఆ టెక్సస్ గొంతు కూడా నీదేనా?"

అతను తల వంచుకున్నాడు. స్కౌట్లలో సగం మంది గతుక్కుమన్నారు. ఆ మాట నమ్మే కదా వ్యాను ఎక్కింది.

"నాకు మొదటిరోజే తెలుసురా. నీ గొంతు నాకు తెలీదా?" అంది ఎర్లీన్. అరవలేదు. అరిచినా బాగుండేది. "కొడుకు గురించి రేడియోలో మంచి మాట వస్తుంటే, కాదని చెప్పబుద్ధి కాలేదు. నాకూ సిగ్గులేదు." ఆవిడ గొడుగు మళ్ళీ తెరుచుకుని దాని చాటుకి వెళ్ళిపోయింది.

మార్టెల్ దగ్గరికి వచ్చి, బూట్ల తాళ్ళు బిగించుకున్నాడు. "సరైన గీత గీయి మావా. పరిగెడతాను."

"తొడ పట్టేసిందన్నారుగా?" అన్నాడొకడు వెటకారంగా.

"అది కూడా అబద్ధమేనండి," అన్నాడు మార్టెల్. కోచ్ మేఘాల వంక చూశాడు.

క్లియో ఈసారి కొలిచి గీత గీశాడు. కాస్త వంకర పోయింది. మార్టెల్ పరిగెత్తాడు. నాలుగు పాయింట్ ఆరు, ఆ పైన చిల్లర. స్కౌట్లు వాచీలు ఆడించలేదు, చెవి దగ్గర పెట్టుకోలేదు. ఒక్కొక్కరూ జేబుల్లో వేసుకుని వ్యాన్ల వైపు నడిచారు. తలుపులు మూసుకున్న చప్పుడు గ్రౌండు దాకా వినిపించింది.

విన్‌ఫీల్డ్ ఒక్కడే మిగిలాడు. ఆయన బౌడిన్ ఇంకా అయిపోలేదు.

"నేను మీ ఆటలు ఐదారు చూశాను," అన్నాడాయన మార్టెల్‌తో, మూతి తుడుచుకుంటూ. "ఒకటి అర్థమయ్యేది కాదు. ఎదుటి జట్లలో నిన్ను కాసేవాళ్ళు అంత దూరంగా ఎందుకు నిలబడతారా అని. మధ్యలో ట్రాక్టరు పట్టేంత సందు. ఆ సందులో నిలబడి నువ్వు హాయిగా బంతులు పట్టుకునేవాడివి. ఇవాళ తెలిసింది. రేడియో విని, నువ్వు దాటి పోతావని భయపడ్డార్రా వాళ్ళు."

మార్టెల్ మొహంలో మిగిలిన కాస్త వెలుగూ పోయింది. "అంటే నేను పట్టినవి కూడా మావయ్య పుణ్యమేనా?"

క్లియోకి ఆ క్షణాన నేల చీలితే బాగుండు అనిపించింది, ఎన్ని గజాలు చీలినా సరే. పరుగు ఒక్కటే పాడుచేశాననుకున్నాడు. కుర్రాడు ఏడాదంతా చెమటోడ్చి సంపాదించుకున్న పేరుని కూడా ఎంగిలి చేశాడు.

"అది తేల్చుకుందాం," అన్నాడు విన్‌ఫీల్డ్. "మీ జట్టులో గట్టిగా కాసేవాణ్ణి పిలవండి."

డెల్‌రాయ్ అనే కుర్రాడు వచ్చాడు. ఇందాకటి పరుగు అతనూ చూశాడు. "వీడు నెమ్మదని తెలుసు కదా," అన్నాడు విన్‌ఫీల్డ్. "దూరంగా వద్దు. ముక్కూ ముక్కూ తగిలేలా నిలబడు."

"సారీ బ్రో," అన్నాడు డెల్‌రాయ్, నిలబడ్డాడు.

మార్టెల్ నాలుగడుగులు వేశాడు. భుజాలు ముందుకి, చూపు దూరంగా, ఊరు దాటి పోతాడేమో అన్నట్టు. డెల్‌రాయ్ నడుం గిర్రున తిప్పి వెనక్కి పరుగందుకున్నాడు. మార్టెల్ ఉన్నచోటే ఆగి, తిరిగి, బంతి పట్టుకున్నాడు. రెండోసారీ అంతే. మూడోసారి డెల్‌రాయ్ కాలు కాలుకి తగిలి బోర్లా పడ్డాడు.

"ఏమయ్యా, వీడు నెమ్మదని తెలుసన్నావుగా?" అడిగాడు విన్‌ఫీల్డ్.

"తెలుసండీ," అన్నాడు డెల్‌రాయ్ నోట్లో గడ్డి ఉమ్ముతూ. "నా కాళ్ళకే తెలీట్లేదు."

విన్‌ఫీల్డ్ చాలాసేపు తలాడించాడు. "ఆటలో ఎవడూ నిన్ను నలభై గజాలు తిన్నగా పోనివ్వడురా అబ్బాయ్. ఆ మొదటి నాలుగడుగులే అన్నం పెట్టేది. అవి రేడియోవి కావు, నీవే." ఆయన కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని, క్లియో ముందు ఆగాడు. "ఇవాళ నువ్వు ఏమీ చెయ్యకుండా ఇంట్లో కూర్చుని ఉంటే ఈపాటికి వ్యాన్లవాళ్ళు కూడా ఇది చూసేవాళ్ళు."

క్లియో రంగు డబ్బా తీసుకుని వంకరపోయిన గీత వైపు నడిచాడు.

ఆ ఏప్రిల్‌లో మార్టెల్‌ని విన్‌ఫీల్డ్ జట్టు తీసుకుంది. చిట్టచివరి రౌండులో, చివరి పేర్లలో ఒకటిగా. ఎర్లీన్ ఇల్లు ఎగిరిపోయేలా అందరూ అరిచారు. క్లియో వెనక గుమ్మం దగ్గర పళ్ళేలు కడుగుతూ ఉండిపోయాడు. మార్టెల్ వచ్చి, వెనకనుంచి గట్టిగా వాటేసుకుని, "ఇంక నా గురించి ఎవరితోనూ మంచి మాట చెప్పకు మావా," అన్నాడు. అలాగే అన్నాడు క్లియో, తల తిప్పకుండా.

అంతకు ముందే అతను ఇంకో పని చేశాడు. కోచ్ చెప్పలేదు, అక్క చెప్పలేదు. బుడ్రో నాన్న ఏడ్చిన సంగతి నిద్రపట్టనివ్వక, డ్రాఫ్టుకి వారం ముందు కెల్లర్ పనిచేసే ఉత్తరాది జట్టు ఆఫీసుకి తన సొంత పేరుతో, సొంత గొంతుతో ఫోన్ చేశాడు. "మీవాడు తొందరగా వెళ్ళిపోయాడండీ. ఆ బుడ్రో పరుగు తప్పు. గీత నేనే జరిపాను."

"నువ్వు ఏ జట్టువాడివి?" అడిగాడు అవతలాయన.

"ఏ జట్టూ కాదండీ. గీతలు వేసేవాణ్ణి."

"బాగుంది. మమ్మల్ని భయపెట్టి ఆ కుర్రాణ్ణి మీరు కొట్టేద్దామనా? పొద్దుట్నుంచీ నాలుగు జట్లు ఇదే కథ చెప్పాయి. గీతలు వేసేవాడు అని చెప్పింది మాత్రం నువ్వే, మెచ్చుకోవాలి." పక్కన ఎవరితోనో అంటున్నది కూడా వినిపించింది. "ఆ బుడ్రోని ఇంత మంది కోరుకుంటున్నారంటే మనం చివరిదాకా ఆగకూడదు."

ఆ ఉత్తరాది జట్టువాళ్ళు బుడ్రోని రెండో రౌండులోనే తీసుకున్నారు. నిజం చెప్పి ఒక మనిషిని పైకి తేవడం క్లియోకి అదే మొదటిసారి.